అల పోయేదాకా

రొయ్య తల తుంచి ఒకవైపు, పొట్టు ఒలిచి మరోవైపు, కండ గిన్నెలోకి. సుగుణ పీట లాక్కుని కూర్చునేసరికి తల్లి సగం బుట్ట కానిచ్చేసింది. ఇరవై ఏళ్ళకు పైగా టీకా సూది పట్టిన చెయ్యి అది. రొయ్య వీపున ఉండే నల్లనరం ఆ చేతిలో ఒక్క లాగుకే వచ్చేస్తుంది. సుగుణ చేతిలో మాత్రం రెండు ముక్కలవుతోంది.

"మెల్లంగా తియ్యి మే. నీ మిసను కాదు అది, రొయ్య" అంది తల్లి.

సుగుణ నవ్వలేదు. వాకిలి వైపు చూసింది. "పెద్దమ్మ రాలేదా?"

"వస్తాదిలే. నువ్వు పోయి పిలవబాక."

"ఎందుకు?"

"ఏమని పిలుస్తావు? పడవ చెంగమ్మా అంటే తల తిప్పట్లా. పడవ రేవులో బోర్లా పడుంటే పడవ చెంగమ్మ ఏందంటాది. ఒట్టి చెంగమ్మా అంటే దిబ్బ మీద సగం మంది పలుకుతారు."

పులికాట్ సరస్సు నడుమ ఉన్న కొంగలదిబ్బలో ప్రతి ఇంటా మొదట పుట్టే ఆడపిల్ల సూళ్ళూరుపేట చెంగాళమ్మ పేరుతోనే పెరుగుతుంది. అది ఎప్పటిదో మొక్కు. అందుకని ఆ ఊళ్ళో పేరు అమ్మవారిది, పేరుకు ముందుండే మాట మాత్రం మనిషి సంపాదించుకున్నది. పిల్లలకు టీకాలు వేసి, జ్వరాలకు మందులిచ్చే ఆరోగ్య కార్యకర్త మందుల చెంగమ్మ. ఆమే సుగుణ తల్లి. బడిలో వంట చేసేది బడి చెంగమ్మ. సూళ్ళూరుపేట మార్కెట్టులో బల్ల పెట్టుకున్నది రొయ్యల చెంగమ్మ. దిబ్బకూ గట్టుకూ మధ్య జనాన్ని దాటించేది పడవ చెంగమ్మ. అందరిలోకీ పెద్దది, వరసకు సుగుణకు పెద్దమ్మ. సుగుణ ఇంట్లో రెండో పిల్ల కాబట్టి ఆ పేరు తప్పించుకుంది. పని నేర్చుకోని పిల్లను ఒట్టి చెంగమ్మ అని పిలుస్తారు. ఆ ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు.

పెద్దమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి. ఎండకు, ఉప్పుగాలికి ముదిరిన ముఖం. గుమ్మం దగ్గర ఒక క్షణం నిలబడి సుగుణను చూసి, కూర్చుని గుప్పెడు రొయ్యలు తీసుకుంది.

"ఏమే మందులా" అంది కాసేపటికి, "అసలుదానివి నువ్వేనంట గదా. ఈ నకలుదానికి కాస్త కాపీ నీళ్ళన్నా పొయ్యి."

మందుల చెంగమ్మ చేతిలో రొయ్య అలాగే ఆగిపోయింది. "అక్కా, ఆ మాట అనబాక."

"నేనంటినా? సర్కారు అనింది. పాప చేసిన మిసను అనింది."

సుగుణ తల వంచుకుంది. ఎండలు ముదరకముందే వచ్చింది ఆ ఉత్తర్వు. పెద్దమ్మ ఫోనులో దాన్ని మొదట చదివింది తన తల్లే. 'ఈ రికార్డు మరొకరి నకలుగా తేలింది. అసలు వ్యక్తి: చెంగమ్మ, ఆరోగ్య కార్యకర్త. పడవ లైసెన్సు మూసివేయడమైనది.' అదే వారంలో బడి చెంగమ్మ వంట పని పోయింది, రొయ్యల చెంగమ్మ మార్కెట్టు కార్డు పోయింది. వాళ్ళిద్దరూ రోజూ సర్కారును తిట్టుకుంటూ తిరుగుతున్నారు కాబట్టి వాళ్ళ సంగతి ఫరవాలేదు. పెద్దమ్మే దిబ్బ దాటడం లేదు. గట్టు నుంచి ఎవరిదో మోటారు పడవ వచ్చి జనాన్ని తీసుకుపోతోంది. ఆమె దాన్ని ఎక్కలేదు. చెంగాళమ్మ జాతరకు కూడా పోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె లేకుండా జాతర జరగడం అదే మొదటిసారి.

"నన్ను చూసిందా నీ మిసను?" అడిగింది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. సంతకం చూస్తుంది."

"సంతకమా?" పెద్దమ్మ పొట్టు విదిలించింది. "మీ అమ్మకు సంతకం నేర్పింది నేనే గదే."

*

నెల్లూరులోని పరిశోధన కేంద్రంలో ఆ యంత్రానికి 'జాడ' అని పేరు పెట్టింది డాక్టర్ ఇందుమతి. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, రేషను దుకాణాల్లో కాగితాలు పోయి గాజు పలకలు వచ్చి చాలా కాలమైంది. ఎవరు సంతకం చేసినా గాజు పలక మీదే. పలక అక్షరాన్ని మాత్రమే దాచుకోదు, కలం ఎక్కడ నొక్కింది, ఎక్కడ తేలింది, ఎక్కడ ఆగింది అన్నీ దాచుకుంటుంది. ఒకే పేరున్న వందల మంది రికార్డులు కలిసిపోయి ముద్దయిపోతే, ఆ ముద్దను విడదీసి ఎవరిది వారికి పంచి పెట్టడం జాడ పని. ఒకే మనిషికి రెండు రికార్డులున్నాయని తేలితే, ఎక్కువ సంతకాలున్నదాన్ని అసలుగా ఉంచి మిగతావాటిని నకళ్ళని మూయిస్తుంది.

కొత్తగా చేరేవాళ్ళకు ఇందుమతి ఉపన్యాసం ఇవ్వదు. పలక ముందు కూర్చోబెట్టి పక్కవాళ్ళ సంతకం దొంగిలించమంటుంది. సుగుణ చేరిన రోజున కూడా అదే చేయించింది. సుగుణ ఎంతో ఓపికగా పక్కబల్ల కుర్రవాడి సంతకాన్ని అచ్చు గుద్దినట్టు దించింది. జాడ క్షణంలో పట్టేసింది.

"ఆకారాన్ని దొంగిలించొచ్చు సుగుణా. ఆగడాన్ని దొంగిలించలేం" అంది ఇందుమతి. "గీతకూ గీతకూ మధ్య మనిషి ఎంతసేపు ఆగుతాడో అది ఒంట్లో ఉంటుంది. నడకలాగా."

ఆ ఆగడాన్ని కొలిచే భాగం తర్వాత సుగుణే రాసింది. నగరంలో వేల మంది మీద పరీక్షించారు. ఒక్కటంటే ఒక్క తప్పు రాలేదు. ఈ ఏడాది కొన్ని పల్లెల్లో కూడా మొదలుపెట్టారు.

ఇందుమతి బల్ల మీద వాళ్ళ నాన్న ఫోటో ఉంటుంది. ఆయన గుమాస్తా. ఆయన పేరే ఉన్న మరొకడు ఎక్కడో దొంగ సంతకాలతో భూములు అమ్ముకుంటే పోలీసులు ఈయన్ని తీసుకెళ్ళారు. వదిలేసేసరికి ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయన వీధిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేవాడట. జాడ అప్పుడే ఉండి ఉంటే ఒక్క పూటలో ఇంటికి వచ్చేవాడు. ఇందుమతి ఈ కథ ఎవరికీ చెప్పదు. ఒకసారి సుగుణకు చెప్పింది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడని మనుషులు కావడం వల్ల కాబోలు.

అందుకే సుగుణ కొంగలదిబ్బ సంగతి ఎత్తినప్పుడు ఇందుమతి విసుక్కోలేదు. ఓపికగానే విన్నది.

"పల్లెల్లో ఒకరి బదులు ఒకరు సంతకాలు పెట్టడం మామూలే కదా. మీ అమ్మగారే అందరికీ పెట్టి ఉండొచ్చు" అంది.

"పెద్దమ్మ బదులు ఇంకొకరు సంతకం పెట్టడమా మేడం? ఆమె మీకు తెలియదు."

"నాకు తెలియదు నిజమే. జాడకు తెలుసు." గట్టిగా అనలేదు ఆ మాట. దయగానే అంది. "వచ్చే వారం కమిటీ వస్తోంది. వాళ్ళు సరే అంటే ఇక రాష్ట్రమంతా. ఒక్క ఊరి కోసం ఇప్పుడు ఆపలేను."

సుగుణ భోజనానికి కిందికి దిగింది. క్యాంటీను గుమ్మంలో గాజు పలక ఉంటుంది, సంతకం పెడితేగాని లోపలికి పోనివ్వదు. రోజూ పెట్టే సంతకమే. ఆ రోజు మాత్రం తన చేతిని తనే చూసింది.

'సు' రాశాక కలం ఆగింది.

పెద్దగా ఏం కాదు, ఒక ఊపిరి పాటు. తర్వాత 'గు', 'ణ' ఒక్క ఊపున. చెరిపేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది. ఆపకుండా రాద్దామని చూస్తే అక్షరం వంకరపోయింది.

"తొందరగా కానియ్యమ్మా, అన్నం చల్లారిపోతుంది" అన్నారు వెనక ఎవరో.

సుగుణ పక్కకు తప్పుకుంది. చేతిలో కలం అలాగే ఉంది. నేల మీద నిలబడి ఉన్నా కాళ్ళ కింద మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది.

కొంగలదిబ్బలో అప్పట్లో బడి లేదు. పిల్లలందరినీ పెద్దమ్మ పడవలో గట్టుకు తీసుకుపోయేది. అంతదూరం ఊరికే కూర్చోకూడదని పలకలు తీయించేది. ఒక చేత్తో పడవ తోసే గెడ, రెండో చేత్తో ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని దిద్దించడం. పలక కుదిరేది కాదు, అక్షరం చెదిరేది, పిల్లలు ఏడ్చేవాళ్ళు. అప్పుడు పెద్దమ్మ చెప్పేది. "అల వస్తా ఉంటే రాయబాకండి. మొదటి అక్షరం రాసి ఆగండి. అల పోనియ్యండి. పోయినాక మిగతాది రాయండి." సుగుణ తల్లి, బడి చెంగమ్మ, రొయ్యల చెంగమ్మ వాళ్ళ చిన్నప్పుడు అదే పడవలో అలాగే నేర్చుకున్నారు. అప్పటికి పెద్దమ్మే పరికిణీ పిల్ల. గట్టు మీది బడికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల. అక్కడ నేర్చుకున్నది తిరుగు ప్రయాణంలో వీళ్ళకు నేర్పేది.

సుగుణ అన్నం మాట మరిచిపోయి మేడెక్కింది. జాడ ఎప్పుడూ ఒకే పేరున్నవాళ్ళనే పోల్చి చూస్తుంది, మిగతావాళ్ళతో దానికి పనిలేదు. ఆ కట్టడిని తీసేసింది. నలుగురు చెంగమ్మల సంతకాల పక్కన తన సంతకం పెట్టింది.

తెర మీద జవాబు వెంటనే వచ్చింది.

'ఒకే వ్యక్తి. అయిదు రికార్డులు. అసలు వ్యక్తి: చెంగమ్మ, ఆరోగ్య కార్యకర్త.'

సుగుణకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది, ఆ గదిలో ఆమె నవ్వు ఎవరూ విని ఉండరు. నెల్లూరులో, చల్లటి గదిలో, ఎన్నో చదువులు చదివి కూర్చున్న తన చేతిలో ఇంకా పెద్దమ్మ చెయ్యి ఉంది. ఆ సంగతి మొదటిసారి తెలిసింది, అదీ తను చేసిన యంత్రం చెబితే. గుండె నిండుగా అనిపించింది.

నవ్వు ఆగాక భయం వేసింది. జాడ పల్లెల్లో నకలని తీసేసిన పేర్లు ఒక్కొక్కటే తెరిచి చూసింది. అన్నీ చిన్న ఊళ్ళు. ఒక దేవుడి పేరే అందరూ పెట్టుకునే ఊళ్ళు, ఒకే పంతులు ఉన్న ఊళ్ళు. కొండ కింద గూడెంలో పెంచలయ్యలు, ఇసుక మేటల పక్కన మస్తానమ్మలు. నగరంలో పిల్లలు నలుగురి దగ్గర నాలుగు రకాలుగా నేర్చుకుంటారు, అందుకే అక్కడ తప్పు రాలేదు. ఒకే చెయ్యి ఊరందరికీ దిద్దించిన చోట మాత్రం జాడకు ఊరంతా ఒకే మనిషి.

జాడ చెబుతున్నది రాసినవాళ్ళ గురించి కాదు. నేర్పినవాళ్ళ గురించి.

*

ఇందుమతి తెర వైపు చాలాసేపు చూసింది. నమ్మింది. నమ్మిందని ముఖం చెప్పింది.

"ఇది చాలా అరుదు సుగుణా" అంది చివరికి. "ఒకే పేరు, ఒకే గురువు. రెండూ కలవాలి. ఎంతమంది ఉంటారు? మీ ఊరి మూడు రికార్డులూ రేపే తెరిపిస్తాను. మినహాయింపు అని రాస్తాను. మీ పెద్దమ్మగారు ఎల్లుండి నుంచి పడవ వేసుకోవచ్చు."

"మిగతావాళ్ళు?"

"ఫిర్యాదు చేస్తే ఒక్కొక్కటీ చూద్దాం."

"గూడెంలో వాళ్ళకు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు మేడం."

ఇందుమతి ఫోటో వైపు చూసింది. "జాడ ఆగిపోతే మా నాన్నలాంటి వాళ్ళు జైళ్ళలో కూర్చుంటూనే ఉంటారు. అది కూడా ఆలోచించు."

సుగుణ ఆలోచించింది. అబద్ధం కాదది. ఊరికి వెళ్ళి వస్తానని సెలవు అడిగింది.

కొంగలదిబ్బ రేవులో పెద్దమ్మ తన పడవను బోర్లించి తారు పూస్తోంది. నీళ్ళలోకి దిగని పడవకు తారు ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు. సుగుణ పక్కన గొంతుక్కూర్చుని చెప్పింది, నెమ్మదిగా, సంతకం దగ్గర్నుంచి మినహాయింపు దాకా. తన సంతకాన్ని కూడా జాడ చెంగమ్మదే అన్నదని చెప్పినప్పుడు పెద్దమ్మ చేతిలో కుంచె ఆగింది.

"నీది కూడానా?"

"నాది కూడా."

పెద్దమ్మ మూతి బిగించుకుంది. నవ్వు దాచుకోవడానికి అలా చేస్తుందని సుగుణకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "పలక మీద నీళ్ళు చల్లుకుని ఏడ్చేదానివి. గెడతో ఒకటి పెట్టినా గుర్తుండాదా?"

"గుర్తుంది."

"మంచిది." మళ్ళీ తారు పూయడం మొదలుపెట్టింది. "అయితే మా ముగ్గురికీ ఇస్తారా?"

"ఇస్తారు. రేపే."

"మాలాగా ఇంకెవురన్నా ఉండారా?"

సుగుణ చెప్పింది, పెంచలయ్యల గురించి, మస్తానమ్మల గురించి. పెద్దమ్మ వింటూ పడవలో ఒక చెక్కకూ మరో చెక్కకూ మధ్య సందును వేలితో తడిమి చూసింది.

"పాపా, నువ్వు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు పెద్ద గాలొచ్చింది. దిబ్బ మీదికి నీళ్ళెక్కినాయి. అప్పుడు ఈ పడవే. నా వాళ్ళను ఎక్కించుకుని గట్టుకు పోయి కూర్చుండొచ్చు. పోయినానా?"

"లేదు."

"రొయ్యలదాని మేక దాకా దాటించినా. ఆ మేక నా కోకంతా నమిలేసింది." కుంచె తారు డబ్బాలో ముంచింది. "ముగ్గుర్ని ఎక్కించుకుని మిగతావోళ్ళని నీళ్ళల్లో వదిలి వచ్చే పడవకు నేను లైసెన్సు తీసుకోను. మీ మేడానికి చెప్పు. ఇస్తే అందరికీ ఇమ్మను. లేదంటే ఇది ఇట్టనే బోర్లా ఉంటాది."

"పెద్దమ్మా, ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఎప్పటికో. అసలు రాకపోవచ్చు కూడా."

"తెలుసు" అంది పెద్దమ్మ. "తారు ఉండాదిగా. పూస్తా ఉంటా."

సుగుణ లేచి చీర కుచ్చిళ్ళకు అంటిన ఇసుక దులుపుకుంది. ఏం చేయాలో అప్పటికి తెలిసిపోయింది.

"అయితే కమిటీ ముందుకు నలుగురూ రావాలి పెద్దమ్మా. నెల్లూరికి."

గట్టు చేరాలంటే ఆ మోటారు పడవ ఎక్కాలి. పెద్దమ్మ బోర్లా ఉన్న తన పడవను ఒకసారి చూసుకుంది.

"వస్తా" అంది.

*

ఆ రోజు మోటారు పడవలో ముగ్గురు చెంగమ్మలు బల్లల మీద కూర్చున్నారు. పెద్దమ్మ కూర్చోలేదు. గట్టు వచ్చేదాకా నడిపేవాడి పక్కన నిలబడే ఉంది. నిలబడి నీళ్ళనే చూసింది. వాడు మధ్యలో ఒకసారి, "ఇటు ఇసక మేటేసిందా అవ్వా?" అని అడిగితే వేలు చూపించింది. వాడు ఆ వైపు తిప్పాడు.

కేంద్రంలో పెద్ద బల్ల చుట్టూ కమిటీ వాళ్ళు, వాళ్ళ ఎదురుగా గాజు పలక. సుగుణ ముందురోజే ఇందుమతికి అంతా చెప్పేసింది, తను ఏం చూపించబోతోందో, ఎందుకో. చాటుగా చేయడం ఆమెకు చేతకాదు. ఇందుమతి వద్దనలేదు. "నీకు న్యాయమనిపించింది చెయ్యి" అని మాత్రం అంది.

నలుగురు చెంగమ్మలూ ఒకరి తర్వాత ఒకరు సంతకం చేశారు. నాలుగుసార్లూ కలం మొదటి అక్షరం దగ్గర ఆగింది.

'ఒకే వ్యక్తి' అంది జాడ.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి నలుగురినీ చూశాడు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, ఒకరు లావు, ఒకరు సన్నం.

"మీలో అసలు చెంగమ్మ ఎవరమ్మా?"

"అందరం అసలే సార్" అంది బడి చెంగమ్మ.

"ఒకే మనిషంటుండాది గదా మీ మిసను" అంది రొయ్యల చెంగమ్మ. "మరి నాలుగు కడుపులకి ఒకే ముద్ద పెట్టమంటారా?"

బల్ల చుట్టూ నవ్వులు వినిపించాయి. మందుల చెంగమ్మ మాత్రం ముందుకొచ్చింది. మామూలుగా పై అధికారుల ముందు నోరు తెరవని మనిషి.

"సార్, నేను అసలుదాన్నని, మా అక్క నా నకలని మీ కాగితం చెప్పింది. ఈ మూడు నెలలూ జీతం తీసుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. నాకు అక్షరం పెట్టింది మా అక్క. ఆమె లేకుంటే నేను మందు సీసా మీద పేరు కూడా చదవలేను. ఎవురిది నకలైనా ఉంటే అది నాదే. కొట్టేస్తే నన్ను కొట్టేయండి."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సుగుణ తన సంతకం పెట్టింది. జాడ అయిదో రికార్డును కూడా ఆ ఒక్క మనిషికే చేర్చింది. సుగుణ పడవ గురించి, అల గురించి చెప్పింది. పెద్దగా వివరించాల్సిన పని పడలేదు. పలక మీద కలం ఆగడం అందరూ చూశారు.

"విచిత్రంగానే ఉంది" అన్నాడు పెద్దాయన. "కానీ ఇది ఒక ఊరి విచిత్రం కదా? పడవలో చదువుకున్న ఊళ్ళు ఎన్ని ఉంటాయి? ఇందుమతి గారూ, మీరేమంటారు?"

ఇందుమతి లేచింది. జవాబు చెబుతుందనుకున్నారు. నేరుగా పలక దగ్గరికి నడిచి కలం తీసుకుంది. తన పేరు రాసింది. చివరి అక్షరం ముందు ఆమె చెయ్యి కూడా ఆగింది. ఆగి, కొంచెం పైకి లేచి, మళ్ళీ దిగింది.

"సుగుణా" అంది తల తిప్పకుండానే, "మా నాన్నగారి సంతకం తియ్యి. చివరి ఏడాది వృద్ధాప్య పింఛను కోసం పలక మీద పెట్టారు. ఉంటుంది."

సుగుణ తీసింది. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టింది. వేరు వేరు పేర్లు, వేరు వేరు అక్షరాలు.

'ఒకే వ్యక్తి. రెండు రికార్డులు.'

ఇందుమతి తెర మీది ఆ మాటనే చూస్తూ నిలబడింది. ఒక మనిషి ఇంకో మనిషి కాదని రుజువు చేయడానికే ఆమె ఇన్నేళ్ళు ఈ యంత్రాన్ని కట్టింది. ఆ యంత్రమే ఇప్పుడు ఆమెను వాళ్ళ నాన్న అంటోంది.

"గుమాస్తా కదా" అంది. "చివరి అక్షరం రాసేముందు మొదటి నుంచి ఒకసారి సరిచూసుకోమనేవారు. నా చెయ్యి పట్టుకుని దిద్దించేటప్పుడు అక్కడ ఆపేసేవారు. నేను మరిచిపోయాను. చెయ్యి మరిచిపోలేదు."

కళ్ళు తుడుచుకుని కమిటీ వైపు తిరిగింది.

"జాడకు రాసినవాళ్ళు తెలియదండీ. నేర్పినవాళ్ళు తెలుసు. దీని మాట మీద ఎవరి రికార్డూ మూయడానికి వీల్లేదు. మూసినవన్నీ తెరవమని నేనే రాసిస్తాను."

ఆ వాక్యానికి ఆమె ఎంత చెల్లించిందో ఆ గదిలో సుగుణ ఒక్కదానికే తెలుసు. నాన్నలాంటివాళ్ళను విడిపించే దారి మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. అందుకు ఇంకో ఇరవయ్యేళ్ళు ఎవరిస్తారు? అయినా ఇందుమతి తల దించలేదు.

అందరూ లేస్తుంటే పెద్దమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది. ఆ రోజంతా పెద్దమ్మ నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

"మీ నాయన బాగా నేర్పినాడమ్మా."

ఇందుమతి రెండు చేతులూ జోడించింది.

*

జాడ రాష్ట్రమంతటికీ వెళ్ళలేదు. కేంద్రంలో ఒక మూల గదిలో ఉంది. వార్త బయటికి పొక్కాక మాత్రం మనుషులు రావడం మొదలైంది. పింఛను కోసం కాదు, కార్డు కోసం కాదు. 'మా చేతిలో ఎవరి చెయ్యి ఉందో చూసి చెప్పండి' అని. ఏ పంతులమ్మదో, చనిపోయిన ఏ తాతదో. ఇందుమతి మొదట వాళ్ళను వెనక్కి పంపేది. ఇప్పుడు కూర్చోబెట్టి పలక చేతికిస్తోంది. జాడను ఇక ఏం చేద్దామో ఆలోచించి వారంలో రమ్మని సుగుణకు కబురు పెట్టింది.

ఆ వారం సుగుణ ఊళ్ళోనే ఉంది. పొద్దున్నే వాకిట్లో మళ్ళీ రొయ్యల బుట్ట. ఈసారి నరం తెగకుండా వస్తోంది, పదింట్లో ఆరు. పెద్దమ్మ గోడకు ఆనుకుని కాఫీ తాగుతోంది. ఆమె గెడ ఆ ఇంటి తలుపు వెనకే నిలబెట్టి ఉంది. లైసెన్సు మూసిన రోజున తన ఇంట్లో కళ్ళెదుట ఉండకూడదని ఇక్కడికి తెచ్చి పెట్టింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

పెద్దమ్మ ఫోను మోగింది. మందుల చెంగమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసి చూసింది. చదువుతూ చదువుతూ నిలబడిపోయింది.

"అక్కా."

పెద్దమ్మ గ్లాసు దించలేదు.

"చదువమ్మా" అంది సుగుణ.

మందుల చెంగమ్మ గట్టిగా చదివింది, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలాగా. "చెంగమ్మ. ఊరు కొంగలదిబ్బ. వృత్తి, పడవ నడపడం. రికార్డు తిరిగి తెరవడమైనది. లైసెన్సు చెల్లుతుంది." ఒక క్షణం ఆగి ఇంకా కిందికి చూసింది. "పెంచలయ్యలవి కూడా తెరిచినారంట అక్కా. అందరివీ."

ఆ చివరి మాట విన్నాకే పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది.

అప్పుడే రేవు వైపు నుంచి రొయ్యల చెంగమ్మ కేక వినిపించింది. ఆమె ఫోనుకు కూడా అదే వార్త వచ్చి ఉండాలి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరందరికీ వినపడేలా అరుస్తోంది.

"పడవ చెంగమ్మా! ఓ పడవ చెంగమ్మా! మార్కెట్టుకు పొద్దెక్కిపోతా ఉండాదే!"

ఎండాకాలమంతా ఆ పిలుపుకు కదలని తల, రేవు వైపు తిరిగింది.

పెద్దమ్మ లేచింది. చీర చెంగు నడుముకు బిగించి దోపుకుంది. తలుపు వెనక్కి చెయ్యి చాపి గెడ అందుకుంది. దాని మీద పట్టిన సాలెగూడును అరచేత్తో ఒక్కసారి నిలువునా తుడిచింది. గడప దగ్గర వంగి, గెడ చివర చూరుకు తగలకుండా ఓరగా తిప్పుకుని, బయటికి నడిచింది.